నంబరు చెరిగితే ఆనవాలు పోయినట్లే

ఎండాకాలం చెరువులు ఎండి పూడికతీత మొదలైందంటే మట్టితోపాటు ఏవేవో వస్తువులు బయటపడుతుంటాయి. రాతి విగ్రహం కనిపిస్తే ఊరంతా చేరి మొక్కుతారు. వంగిపోయిన లోహపు తునక కనిపిస్తే మాత్రం పాత సామాన్ల బండి ఎక్కిస్తారు. అది ఒకనాటి యుద్ధ విమానం ఇంజను తునకే అయితే, దానితోపాటు ఒక మనిషి ఆచూకీ కూడా తుక్కులో కలిసిపోయినట్లే.

యుద్ధ విమానాలతో ఓరుగల్లు రైతుకు ఏం సంబంధం అనుకోనక్కర లేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1918లో, బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు నిజాం సొమ్ముతో విమానాలు సమకూరాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లు కూడా హైదరాబాద్ పేరు పెట్టుకున్నాయి. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగాయే ఉంది. ఆ ఖజానాకు చేరిన సొమ్ములో మన తాతలు కట్టిన శిస్తు కూడా ఉంది. 1940లో ఆ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ విమానాలు ఇంగ్లండ్ తీరంలో జర్మన్లతో తలపడ్డాయి. సముద్రంలో కూలిన పైలట్లలో కొందరి మృతదేహాలు కూడా ఇంటికి చేరలేదు.

ఇలా నీట మునిగిన ఇంజనును గుర్తించడం ఒక విద్య. మొదట ఆకారం చూస్తారు. స్పిట్‌ఫైర్‌కు అమర్చిన మెర్లిన్ ఇంజనులో ఆరేసి చొప్పున రెండు వరుసల సిలిండర్లు పంగలకర్ర మాదిరి ఉంటాయి. మరికొన్ని ఇంజన్లలో సిలిండర్లు బండిచక్రం ఆకుల్లా చుట్టూ అమరి ఉంటాయి. తరువాత నంబర్లు వెతుకుతారు. తొలి స్పిట్‌ఫైర్ భాగాల నంబర్లు 300 అంకెతో మొదలవుతాయి. ఇంజను నంబరు దొరికితే పాత రికార్డులు తిరగేసి అది ఏ విమానానిదో, ఆనాడు ఎవరు నడిపారో తేల్చవచ్చు. అయితే మరమ్మతుల్లో ఒక విమానం ఇంజనును మరొకదానికి బిగించడం మామూలే. అందుకని ఒక్క నంబరును నమ్మరు. రెండు మూడు ఆనవాళ్లు కలవాలి.

తొందరపాటే ఈ పనికి పెద్ద శత్రువు. ఉప్పునీటిలో మెగ్నీషియం భాగాలు కరిగిపోతాయి, అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. పైకి తీసి ఎండలో పడేస్తే నాశనం మరింత త్వరగా సాగుతుంది. 1940లో కూలిన డోర్నియర్ అనే జర్మన్ బాంబర్‌ను 2013 జూన్‌లో ఇంగ్లండ్ తీరంలో పైకి తీసినప్పుడు, దానిమీద నిమ్మఉప్పు కలిపిన నీళ్లు నెలల తరబడి చల్లుతూ పైపొరలు వదిలించారు. మన ఇళ్లలో ఇత్తడి బిందెకు చింతపండు రుద్దినట్లే. కాకపోతే ఎంతో ఓపికతో.

గుర్తింపు విలువ ఏమిటో తెలుగు కుటుంబాలకు అనుభవమే. 2016 జూలై 22న మద్రాసు పక్కన ఉన్న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ వైమానిక దళం ఎ.ఎన్.-32 విమానం బంగాళాఖాతంలో గల్లంతైంది. అందులోని 29 మందిలో 8 మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ఏడేళ్లు దాటినా జాడ లేదు. చివరికి 2024 జనవరిలో సముద్రంలో 3,400 మీటర్ల లోతున తీసిన చిత్రాల్లో శకలాలు కనిపించాయి. అవి ఎ.ఎన్.-32 భాగాలతో సరిపోలాయి. ఆ ప్రాంతంలో మరే విమానం గల్లంతైన దాఖలా లేదు. అది యుద్ధ విమానం కాకపోయినా గుర్తించే పద్ధతి అదే. పోయినవారు తిరిగిరారు. కానీ ఎక్కడున్నారో తెలియడం వేరు, తెలియకపోవడం వేరు.

1930లో నిజాం కాలంలో వెలిసిన మామునూరు విమానాశ్రయం పునరుద్ధరణకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. పనుల్లో గానీ, ఏ చెరువు పూడికలో గానీ విమాన శకలాల వంటివి బయటపడితే వాటిని పరీక్షించి భద్రపరిచే ఏర్పాటు ముందే జరగాలి. కాంట్రాక్టర్లకు, పొక్లెయిన్ డ్రైవర్లకు అధికారులు ఈ మేరకు స్పష్టమైన ఆదేశాలివ్వాలి. మామునూరులో ఒక గది ప్రదర్శనకు కేటాయిస్తే మన పిల్లలకు పాఠమవుతుంది.

గ్రామస్థులు చేయవలసింది స్వల్పమే. అలాంటి తునక కనిపిస్తే సుత్తితో కొట్టవద్దు, మంటలో వేయవద్దు. పాత తూటాలు ఉంటే ప్రాణాలకే ముప్పు. తుప్పు గీకి నంబరు చెరపవద్దు. దొరికిన చోటికి గుర్తు పెట్టి, తహసీల్దారుకు గానీ పోలీసు స్టేషన్‌కు గానీ కబురు చేయాలి. తుక్కు కింద వచ్చే డబ్బు ఒక పూట ఖర్చుకు సరిపోవచ్చు. చెరిగిన నంబరును మాత్రం ఎంత డబ్బు పెట్టినా తిరిగి తేలేము.