చేరని ఊరే మొదటి ఊరు: విపత్తు సహాయ సమన్వయకర్తల ప్రణాళిక

తుఫాన్లు, వరదలు వచ్చినప్పుడు ఒక జాతీయ సేవా సంస్థ తరఫున సహాయ కార్యక్రమాలను సమన్వయం చేసేవాళ్ళం మేము. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఉన్న తీరం, కృష్ణా గోదావరుల ముంపు మండలాలు, ఖమ్మం, భద్రాద్రి జిల్లాలు మా పరిధి. లారీ ఎటు వెళ్ళాలి, గోడౌన్ తాళం ఎవరి దగ్గర ఉండాలి, ఏ పల్లె బాధ్యత ఎవరిది అన్నవి మేము తేల్చాలి. వీటిని ఏ సూత్రం ప్రకారం తేలుస్తున్నామో చందా ఇచ్చే దాతకూ, మాతో పనిచేసే వాలంటీరుకూ, అందరికంటే ముందు నీళ్ళలో చిక్కుకున్న కుటుంబానికీ తెలియాలి. తెలిస్తేనే మమ్మల్ని నిలదీయగలుగుతారు. ఆ హక్కు వాళ్ళ చేతికి ఇవ్వడానికే ఈ ప్రణాళిక రాస్తున్నాం.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది చనిపోయారు. 1999 అక్టోబరులో ఒడిశాలో సూపర్ సైక్లోన్ కూడా ఇంచుమించు అంతమందిని పొట్టన పెట్టుకుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేసరికి ఒడిశా, ఆంధ్రల్లో లక్షలాది మందిని ముందే సురక్షిత ప్రాంతాలకు చేర్చారు. మరణాలు పదుల్లోనే ఆగాయి. వాతావరణ శాఖ హెచ్చరికలు, తుఫాను షెల్టర్లు, రాత్రంతా తలుపులు తట్టి జనాన్ని కదిలించిన ఊరి ఉద్యోగులు, యువకులు కలిసి సాధించిన గెలుపు ఇది. దీని ముందు తల వంచుతున్నాం. ప్రాణాలు దక్కించుకోవడంలో ఈ తీరం చాలా ముందుకొచ్చింది. బతికి బయటపడ్డవాళ్ళకు మర్నాటి నుంచి సాయం అందే తీరులో మాత్రం పాత అన్యాయం అలాగే ఉంది. మా పోరాటం దాని మీదే.

సాయం రోడ్డును పట్టుకుని పోతుంది. హైవే నుంచి లారీ దిగగలిగిన ఊరికి ఒకే రోజు నలుగురు వచ్చి నాలుగు రకాల కిట్లు ఇస్తారు. కాలువ దాటి, గట్టు మీద నడిచి వెళ్ళాల్సిన పల్లెకు ఎవరూ వెళ్ళరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు నగరం నడిబొడ్డునే ఇది చూశాం. పడవలు తిరిగాయి, డ్రోన్లతో ఆహార పొట్లాలు కూడా పంపారు. అయినా సింగ్‌నగర్ లాంటి చోట్ల లోపలి సందుల్లో, పై అంతస్తుల్లో చిక్కుకున్నవాళ్ళను చేరడం మొదటి రోజుల్లో చాలా కష్టమైంది. సాయానికి వెళ్ళినవాళ్ళలో చెడ్డబుద్ధి ఉండి ఇలా జరగలేదు. ఎవరు ఎక్కడికి వెళ్ళారో రెండోవాడికి తెలియకపోతే ఎంత మంచివాళ్ళయినా వెళ్ళేది దగ్గరి చోటికే.

కాబట్టి మా కంట్రోల్ రూములో రోజూ సాయంత్రం బోర్డు మీద మొదట రాసేది ఆ రోజు ఎవరూ చేరని ఊళ్ళ పేర్లు. మేము ఎన్ని కిట్లు పంచామన్న లెక్క దాని కిందే. ప్రభుత్వం చేరినా, గుడి ట్రస్టు చేరినా, మసీదు కమిటీ చేరినా, చర్చి చేరినా మా దృష్టిలో ఆ ఊరు చేరినట్టే. ఎవరి బ్యానర్ కట్టారన్నది మాకు అనవసరం. ఆ జాబితా ఆ రాత్రే కలెక్టరేట్‌కూ, క్షేత్రంలో ఉన్న ప్రతి సంస్థకూ వెళ్ళాలి. ఒక పేరు రెండో రాత్రి కూడా బోర్డు మీద మిగిలిందంటే, మా సరుకు ఆ ఊరికి అందరికంటే దగ్గరున్నవాళ్ళ చేతికి ఇచ్చేస్తాం. వాళ్ళు తమ పేరు మీదే పంచుకోవచ్చు.

ఇది జరిగే పనేనా అని అడిగేవాళ్ళకు తమిళనాడులోని నాగపట్నాన్ని చూపిస్తాం. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో ఆ ఒక్క జిల్లాలోనే ఆరువేల మందికి పైగా చనిపోయారు. దేశం నలుమూలల నుంచి సాయం పోటెత్తింది. ఎవరికీ పనికిరాని పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. ఆ గందరగోళంలోనే, 2005 జనవరి మొదటి రోజుల్లో, స్వచ్ఛంద సంస్థలు జిల్లా యంత్రాంగం తోడ్పాటుతో ఒక ఉమ్మడి సమన్వయ కేంద్రం పెట్టుకున్నాయి. ఎవరు ఏ గ్రామంలో పనిచేస్తున్నారు, ఎక్కడ ఏం కొరతగా ఉంది అన్నది అక్కడ అందరికీ కనపడేది. ఆ కేంద్రం చేసిన పని అన్ని లారీల బట్టల కంటే ఎక్కువ. అదే జిల్లాలో దళితులకూ ఇరుళ గిరిజనులకూ సాయం సరిగా అందలేదని కూడా ఆ రోజుల్లోనే నమోదైంది. ఊరి పేరు జాబితాలోంచి తీసేసినంత మాత్రాన ఊరంతా తిన్నట్టు కాదని మేము నేర్చుకున్నది అక్కడే. దాని సంగతి మరికాస్త కిందకు వస్తుంది.

ముందు గోదావరి గురించి చెప్పాలి. జాతీయ సంస్థ అన్న పేరుకు అర్థం ఉందో లేదో పరీక్షించేది ఆ నదే. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో అది 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత ఎత్తున గోదావరిని ఎవరూ చూడలేదు. నీటిమట్టం కొలిచేది తెలంగాణలో. 2014లో ఆంధ్రలో కలిసిన ఎటపాక, కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు మండలాల్లో మునిగేది కోయల ఊళ్ళు, కొండరెడ్ల ఊళ్ళు. గోదావరి నిండుగా ఉంటే కూనవరం దగ్గర కలవాల్సిన శబరికి దారి దొరక్క వెనక్కి తంతుంది. దాంతో చింతూరు వైపు ఊళ్ళలోకి, గోదావరి ఒడ్డున లేని ఊళ్ళలోకి కూడా, నీళ్ళు వస్తాయి. అధికారులకు రాష్ట్రాల సరిహద్దు ఉంటుంది, ఉండాలి కూడా. మాకు ఉండటానికి కారణమే లేదు. అయినా మా సంస్థలోనూ రెండు రాష్ట్ర శాఖలు, రెండు బడ్జెట్లు, రెండు అనుమతులు ఉన్నాయి.

ఆ గోడను ఇక్కడితో కూల్చేస్తున్నాం. నీళ్ళు 43 అడుగులకు చేరిన రోజున రెండు రాష్ట్రాల బృందాలు ఒకే బృందంగా మారతాయి, ఒకే మనిషి మాట చెల్లుతుంది. 48 దాటేలోపు భద్రాచలంలో ఉన్న సరుకు అవతలి మండలాల్లోని ఎత్తైన ఊళ్ళకు చేరి ఉండాలి. దానికి ఫైలు కదలాల్సిన పని లేదు, ఆ అనుమతి ఇప్పుడే ఇచ్చేస్తున్నాం. 53 వచ్చాక అనుమతి దొరికినా ప్రయోజనం ఉండదు, అప్పటికి రోడ్డే ఉండదు. తీరంలోనూ ఇదే పద్ధతి. వాయుగుండం తుఫానుగా బలపడిందన్న బులెటిన్ వచ్చిన గంట నుంచి ఖర్చు పెట్టే అధికారం జిల్లా సమన్వయకర్తది. నష్టం జరిగాక డబ్బు విడుదల చేసే సంస్థ సగం పని ఎగ్గొట్టినట్టే.

ఇక ఊరి లోపలి సంగతి. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ సహాయంలో కులం, మతం, లింగం, సముదాయం పేరుతో వివక్ష కూడదని చెబుతోంది. చట్టంలో ఉన్నంత మాత్రాన పంపిణీ లైనులో ఉండదు. సర్పంచి ఇంటి ముందు పంపిణీ పెడితే వాడలోని మనిషి ఆ అరుగు దాకా వచ్చి చేయి చాపాలి. అందుకని మా పంపిణీ ఊరికి చివరనున్న వాడలో, తండాలో, మత్స్యకారుల పాకల దగ్గర మొదలవుతుంది. ఊరి మధ్యకు వచ్చేది ఆ తర్వాతే. రేషన్ కార్డు లేదన్న కారణంతో ఎవరినీ వెనక్కి పంపం. ఇటుక బట్టీలకూ రొయ్యల చెరువులకూ వలస వచ్చిన ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కుటుంబాలకు ఈ ఊరి కార్డు ఎలా వస్తుంది? వాళ్ళు మునిగింది మాత్రం ఈ ఊరి నీళ్ళలోనే.

కౌలు రైతు విషయంలో మరింత పట్టుదలగా ఉంటాం. డెల్టాలో పట్టా ఒకరి పేరున ఉంటుంది, పెట్టుబడి పెట్టి అప్పుల పాలయ్యేది మరొకరు. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగుదారు హక్కు పత్రం రావాలంటే యజమాని సంతకం కావాలి, అది చాలామందికి దొరకదు. మా పంట నష్టం సర్వేలో రాసేది ఆ సీజనులో పొలం దున్నినవాడి పేరు. పక్క పొలంవాళ్ళ మాటే దానికి సాక్ష్యం.

ఏం ఇవ్వాలన్న దాంట్లో మాకు మొహమాటం లేదు. పాత బట్టలు తీసుకోం. ఎంత ప్రేమతో ఇచ్చినా తీసుకోం. మొదటి రెండు రోజులు వండిన భోజనం పంపిస్తాం. అందులోనూ పులిహోరకే మొగ్గు, సాయంత్రం దాకా నిలుస్తుంది కాబట్టి. తర్వాత బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, కారం, చింతపండు ఇస్తాం, వాటితో పాటు టార్పాలిన్, దోమతెర, శానిటరీ ప్యాడ్లు. శిబిరంలో మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్ళు, ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలన్న అంతర్జాతీయ స్ఫియర్ ప్రమాణాలను మేము కనీసంగా పాటిస్తాం. ఆడవాళ్ళ మరుగుదొడ్లు వేరుగా, వెలుతురులో, లోపల గడియతో ఉండాలి. బజారు తెరుచుకున్న రోజు నుంచి సరుకు ఆపి డబ్బే ఇస్తాం. తన ఇంటికి ఏం కావాలో ఆ ఇల్లాలికి మాకంటే బాగా తెలుసు.

కొన్ని ప్రాంతాలకు వాటి సొంత జాబితా ఉండాలి. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద బతుకుతున్నవాళ్ళున్నారు. రోడ్డు తెగి కరెంటు పోయిన ప్రతి రోజూ వాళ్ళకు ప్రాణగండమే. తుఫాను రాకముందే వాళ్ళ ఊళ్ళు, వాళ్ళు వెళ్ళే కేంద్రాలు, వాళ్ళను తీసుకెళ్ళే వాహనాలు మా దగ్గర రాసి ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను అదే ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు అయిదారేళ్ళు పడుతుంది. అలాంటి చోట పదిహేను రోజులకు శిబిరం ఎత్తేసి నివేదిక సమర్పించడాన్ని మేము ఒప్పుకోం. తోట పోయిన కుటుంబం దగ్గరకు కనీసం మూడేళ్ళు వెళ్తూనే ఉంటాం, ఆ ఖర్చును మొదటి రోజు బడ్జెట్‌లోనే రాస్తాం.

సాయం తీసుకుంటున్న మనిషిని ఫోటో తీయం. దాత అడిగినా తీయం. లైనులో ఉన్న ముసలాయనను మా వాలంటీరు "మీరు" అనే పిలవాలి. కిట్టు మీద ఏ నాయకుడి బొమ్మా, ఏ దేవుడి బొమ్మా ఉండదు. ఎన్నికల కోడ్ ఉన్నా లేకపోయినా ఇదే నియమం.

డబ్బు గురించి దాతలకు సూటిగా చెప్పాలి. 2020లో సవరించిన విదేశీ విరాళాల చట్టం ప్రకారం విదేశీ పౌరులూ విదేశీ సంస్థలూ ఇచ్చిన సొమ్మును మేము మరో సంస్థకు బదిలీ చేయలేం. ఊళ్ళో మహిళా సంఘం, మత్స్యకార సంఘం మాకంటే ముందు పడవ దింపగలవు, కానీ ఆ సొమ్ము వాళ్ళకు ఇవ్వలేం. అందుకని విదేశీ పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్ళు పంపే డబ్బును మేమే నేరుగా కొనే టార్పాలిన్లకూ మందులకూ వాడతాం. దేశంలో పోగైన చందాలో మూడో వంతును స్థానిక సంఘాల కోసం తుఫాన్ల కాలానికి ముందే పక్కన పెడతాం. ఒక విపత్తు పేరు మీద వచ్చిన సొమ్ము మిగిలితే దాతను అడక్కుండా మరోదానికి మళ్ళించం.

మా వాలంటీర్లలో చాలామంది ఇళ్ళు కూడా ఆ నీళ్ళలోనే ఉంటాయి. ముందు తమ ఇల్లు చూసుకుని రావడం వాళ్ళ హక్కు. బీమా లేకుండా ఎవరినీ పడవ ఎక్కించం.

ఈ ప్రణాళిక మీద సంతకం చేసే ప్రతి జిల్లా బృందం ఏటా గోదావరి పొంగకముందు జూన్‌లో, తుఫాన్లు మొదలవకముందు సెప్టెంబరులో మూడు కాగితాలు సిద్ధం చేయాలి. మొదటిది, గత విపత్తులో సాయం చివరగా చేరిన ఊళ్ళ పేర్లు, వాటికి వెళ్ళే దారి, ఆ దారి తెగితే పడవ నడపగల మనిషి. రెండోది, డయాలసిస్ రోగులు, నిండు గర్భిణులు, మంచం మీదున్న వృద్ధులు ఏ ఊళ్ళో ఎవరెవరు, ఎంతమంది ఉన్నారన్న లెక్క. మూడోది, గోడౌన్‌లో ఉన్న సరుకు, ఆ తాళం ఎవరి దగ్గరుందన్న వివరం. రోగుల పేర్లు మాత్రం బృందం దాటి బయటకు పోకూడదు. మిగతాదంతా పంచాయతీ ఆఫీసు గోడ మీద అతికించాలి. ఆ కాగితంలో తమ పల్లె పేరు లేదని ఎవరైనా వచ్చి చెబితే అక్కడికక్కడే రాసుకోవాలి, రుజువు అడగకూడదు.