రాత్రి రెండింటికి ఎవరున్నారు?

మా అత్తయ్య పోయి పోయిన నెలకి ఏడాది. సంవత్సరీకానికి వచ్చిన చుట్టాల్లో ఒకావిడ, నేను గారెలు వేస్తుంటే పొయ్యి దగ్గరికొచ్చి, "ఆఖర్న హాస్పిస్‌లో పెట్టారటగా, బాగా చూశారా అక్కడ?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే హాల్లోంచి మా బావగారు అందుకున్నారు. "రెండు చోట్ల పెట్టామండీ. మొదటిది అచ్చం ఫైవ్ స్టార్ హోటలే. రెండోది మామూలుది. ఆ మొదటి దాంట్లోనే ఉంచేస్తే పాపం సుఖంగా పోయేది అమ్మ" అన్నారు.

నూనె కాగుతోంది, ఇంటినిండా జనం. ఊరుకున్నాను. ఆ రోజు మింగేసిన జవాబు ఇవాళ రాస్తున్నాను. మీలో ఎవరికో ఒకరికి, ఇవాళ కాకపోతే ఇంకో రోజు, ఇది పనికొస్తుంది. ఇంట్లో మంచానపడ్డ మనిషి పక్కన పడుకునేది ఎటూ మనమే కదా.

అత్తయ్యకి రొమ్ము కాన్సర్. గడ్డ చేతికి తగిలాక ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదావిడ. మగపిల్లలకి ఏం చెప్తాను అనుకుందట. నాకు చెప్పవచ్చు కదా అంటే, "నువ్వు వాడికి చెప్తావుగా" అంది. మాకు తెలిసేసరికే అది పుండైంది. రెండేళ్ళు మందులూ కరెంటూ అన్నీ అయ్యాక వెన్నెముకకి పాకిందన్నారు. పెద్ద డాక్టరుగారు ఫైలు మూసి, "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు.

ఎంత అబద్ధమో చూడండి ఆ మాట. చేసేదేం లేకపోవడమేమిటి? ఆ రోజునుంచి నాలుగు నెలలు నేను చేసిందంతా ఏమిటి మరి? రోజుకి రెండుసార్లు కట్టు మార్చడం, పక్కకి తిప్పడం, ఒళ్ళు తుడవడం, రాత్రి ఆవిడ మూలుగుతుంటే కాళ్ళ దగ్గర కూర్చోవడం. చేసేదేం లేకపోవడం డాక్టర్లకి, చేసేదంతా కోడళ్ళకి.

ఆఖరికి నా వల్ల కాక "హాస్పిస్" అన్న మాట నేనే ఎత్తాను. ఇంట్లో పెద్ద రభసైపోయింది. "మా అమ్మని అనాథలా వదిలేస్తారా వదినా?" అని ఏడ్చింది మా ఆడపడుచు, డల్లాస్ నుంచి. తన దుఃఖం అబద్ధమని అనను. కానీ ఆ పుండుకి ఒక్కరోజు కట్టు కట్టి ఉంటే ఆ మాట తన నోట వచ్చేది కాదు.

సరే, ఒప్పుకున్నారు. ఎంచుకోవడం మాత్రం మగవాళ్ళ పనైంది. మా బావగారూ మావారూ ఒక ఆదివారం పదకొండు గంటలకి వెళ్ళి చూసొచ్చారు. ఫోనులో ఫోటోలు చూపించారు. ముందు తోట, లోపల పాలరాయి, రిసెప్షన్లో నిలువెత్తు వినాయకుడు, ప్రతి గదికీ ఏసీ, టీవీ, గోడమీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్లు. రోజుకి 6,000. నెట్టులో 4.8 నక్షత్రాలు. ఇంకేం కావాలి?

ఆ నక్షత్రాల కింద రాసినవన్నీ నేనూ చదివాను. అప్పుడు తట్టలేదు కానీ తర్వాత తట్టింది. హోటలు గురించి అక్కడ తిన్నవాడు రాస్తాడు. చీర గురించి కట్టుకున్నావిడ రాస్తుంది. హాస్పిస్ గురించి ఎవరు రాస్తారు? ఆ మంచం మీద పడుకున్న మనిషి తిరిగొచ్చి రాయదు. రాసేది సాయంత్రం ఐదింటికి పళ్ళు పట్టుకొచ్చి అరగంట కూర్చుని వెళ్ళిన కొడుకు. ఐదింటికి అన్నీ బాగానే ఉంటాయి. నాలుగున్నరకి దుప్పటి మారుస్తారు, మొహానికి పౌడరు రాస్తారు.

అక్కడ మేం ఆరు రాత్రులున్నాం. మేం అంటే అత్తయ్యా, నేనూ. మొదటి రాత్రే ఒంటిగంట దాటాక వెన్నులో పొడుస్తోందని మొదలుపెట్టింది. బెల్లు కొట్టాను. వచ్చిన పిల్లకి ఇరవై ఏళ్ళుంటాయేమో, కళ్ళు నులుముకుంటూ వచ్చి ట్రమడాల్ ఇంజెక్షను చేసింది. గంటలో మళ్ళీ మొదటికొచ్చింది. "డాక్టరుగారు పొద్దున వస్తారాంటీ" అంది. పొద్దున తొమ్మిదిన్నరకి ఆయన వచ్చేసరికి, రాత్రంతా అరిచి అరిచి అలిసిపోయి ఆవిడ నిద్రపోతోంది. "బాగా నిద్రపోతున్నారే" అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆరు రోజులూ ఇదే వరస. మూడో రోజు మంచం చివర తగిలించిన కాగితం తీసి చదివాను. బీపీ ఉంది, షుగరుంది, జ్వరముంది, పల్స్ ఉంది. నొప్పి ఎంత అన్న గడే లేదు. ఏ బాధ తగ్గిస్తారని డబ్బు కట్టామో దానికి కాగితం మీద చోటే లేదు.

మార్ఫిన్ ఇవ్వరా అని అడిగితే మేనేజరు, "చట్టం ఒప్పుకోదమ్మా, అది మత్తుమందు" అన్నాడు. నేను చదివింది బీఏ తెలుగు, చట్టాలు నాకేం తెలుసు? నమ్మాను. తర్వాత తెలిసింది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం వల్ల నిజంగానే మార్ఫిన్ దొరకడం గగనమైపోయింది. ఒక్కో రాష్ట్రంలో నాలుగైదు లైసెన్సులు కావాల్సొచ్చేది. కానీ 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. ఇప్పుడు ఆసుపత్రిగానీ హాస్పిస్‌గానీ రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ వాళ్ళ దగ్గర గుర్తింపు తెచ్చుకుంటే చాలు, మార్ఫిన్ ఉంచుకోవచ్చు. అంటే అడ్డం చట్టం కాదు, ఆ కాగితాల పని ఎవరు పెట్టుకుంటారులే అన్న బద్ధకం. తోటకి మాలిని పెట్టుకున్నారు, దీనికో గుమాస్తాని పెట్టుకోలేకపోయారు.

ఇంక వాసన సంగతి. ఆడవాళ్ళమే కాబట్టి దాచకుండా రాస్తాను. ఆ పుండు వాసన గది బయటికే వచ్చేది. అక్కడ వాళ్ళు చేసిందల్లా మల్లెపూల వాసనొచ్చే స్ప్రే కొట్టడం. గంటగంటకీ కొట్టేవారు. మల్లెపూలూ పుండూ కలిసిన వాసన ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఇవాళ్టికీ మా మేడమీద మల్లెలు పూస్తే కోసి పక్కింటికి పంపిస్తున్నాను.

ఏడో రోజున నేనే బయల్దేరి ఎమ్.ఎన్.జె.కి వెళ్ళాను. అది హైదరాబాదులో ప్రభుత్వ కాన్సర్ ఆసుపత్రి. ఉపశమన చికిత్సకి అక్కడ ఒక విభాగమే ఉంది. లైన్లో నా ముందు నిలబడ్డావిడ, కూలిపని చేసుకునే మనిషి, వాళ్ళాయన కోసం మార్ఫిన్ మాత్రలు తీసుకోవడానికి వచ్చింది. రోజుకి 6,000 పోస్తున్న మాకు దొరకని మందు ఆవిడకి ఉచితంగా దొరుకుతోంది! ఆవిడే చెప్పింది ఒక ట్రస్టు వాళ్ళు నడిపే హాస్పిస్ గురించి. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు పేరు చూసుకుని వెళ్తారు, చూడాల్సింది చూడరు.

పాలరాయి లేదు. మొజాయిక్ గచ్చు, ఇనప మంచాలు, ఒక్కో గదిలో ముగ్గురు. మా బావగారికి అక్కడే మనసు విరిగిపోయింది. డాక్టరమ్మ వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. రిపోర్టులు తర్వాత చూస్తానంది. "అమ్మా, మీకు అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్నదేమిటి?" అని అడిగింది.

నొప్పి అంటుందని అందరం అనుకున్నాం. అత్తయ్య గోడవైపు తిరిగి, "కంపమ్మా" అంది. "నా కంపు నాకే కొడుతోంది. పిల్లని దగ్గరికి రానివ్వట్లేదు అందుకే."

పిల్లంటే నా కూతురు. నానమ్మ విసుక్కుంటోందని అది రెండు నెలలుగా ఆ గది గుమ్మం దాటలేదు. జబ్బు వల్ల చిరాకు అనుకున్నాం మేం. నాలుగు నెలలు రోజుకి రెండుసార్లు కట్టు మార్చినదాన్ని, నేను కూడా ఆ ప్రశ్న అడగలేదు.

ఏం చేశారో చెప్తే నవ్వుతారు. మెట్రోనిడజోల్ మాత్రలు, అవే, విరేచనాలకి మనం వేసుకునేవి, మెత్తగా పొడి చేసి పుండు మీద చల్లి కట్టు కట్టారు. పుండులో వాసన పుట్టించే క్రిములు దానికి చస్తాయట. వాటి ఖరీదు ఆ మల్లెపూల డబ్బా ఖరీదులో పదోవంతు ఉండదు. నాలుగో రోజుకి వాసన చాలావరకు పోయింది. అయిదో రోజు నా కూతురు నానమ్మ మంచమ్మీద కూర్చుని ఆవిడకి గోళ్ళు తీసింది.

మార్ఫిన్ నాలుగు గంటలకోసారి, గడియారం చూసి ఇచ్చేవారు. నొప్పి వచ్చాక అరిస్తే ఇచ్చే పద్ధతి కాదు, అసలు రాకుండా ఇవ్వడం. రాత్రి పడుకునే ముందు ఆవిడకి రెట్టింపు ఇచ్చేవారు, మధ్యలో మళ్ళీ లేపక్కర్లేకుండా. దాంతోపాటు విరోచనానికి మందు తప్పనిసరి, ఎందుకంటే మార్ఫిన్ మలబద్ధకం చేస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి. మార్ఫిన్ రాసి విరోచనం సంగతి అడగని డాక్టరుకి ఆ మందు వాడటం రాదన్నమాట. అలవాటైపోతుందేమోనని మావారు భయపడ్డారు. డాక్టరమ్మ కోప్పడకుండా, నొప్పికి కొలిచి ఇచ్చే మందుకీ మత్తు కోసం తీసుకునేదానికీ తేడా కూర్చోబెట్టి చెప్పింది.

ఒక రాత్రి రెండింటికి మెలకువొచ్చి చూద్దును కదా, నర్సమ్మ టార్చిలైటు చేత్తో మూసి పట్టుకుని, వెలుగు కళ్ళల్లో పడకుండా, అత్తయ్య ఊపిరి చూస్తోంది. ఎవరూ బెల్లు కొట్టలేదు.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. చివరి నాలుగు రోజులు అత్తయ్య మింగడం మానేసింది. సెలైన్ పెట్టమన్నాను. అవసరం లేదమ్మా అన్నారు. ఆ నర్సమ్మ మీదే అరిచాను, "కడుపు మాడ్చి చంపుతారా?" అని. ఉచితంగా చూస్తున్నారు కాబట్టి నిర్లక్ష్యం అని కూడా అన్నాను, దేవుడు క్షమించాలి. ఆవిడ నన్ను బయట బెంచీమీద కూర్చోబెట్టి చెప్పింది. శరీరం సర్దుకుంటున్నప్పుడు ఎక్కించిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకీ ఒంట్లోకీ దిగి ఆయాసమే పెంచుతాయి, ఆకలి ఆవిడకి లేదు, పెదవులు ఎండకుండా చూద్దాం అని. తడిగుడ్డ నా చేతికే ఇచ్చింది. మొదటి చోట అయితే అడగంగానే సెలైన్ పెట్టేవారు, బిల్లులో వేసేవారు, మేం ఐదు నక్షత్రాలు ఇచ్చేవాళ్ళం. మనం అడిగిందల్లా చేసేచోటే మంచిది అనుకుంటాం చూశారా, అక్కడే మోసపోతాం.

ఈ హాస్పిస్ పద్ధతికి ఆద్యురాలు లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్. ఆవిడ మొదట నర్సు, డాక్టరు చదువు ఆ తర్వాత చదివింది. మంచాల పక్కన గడిపినావిడకే ఆ ఆలోచన వచ్చిందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

మా బావగారు చెడ్డవారు కాదు. ఆ 6,000 రోజూ మారుమాట లేకుండా కట్టింది ఆయనే. రెండుచోట్లకీ ప్రతి సాయంత్రం వచ్చారు. కానీ ఆయన చూసింది రెండు గదుల్ని. నేను చూసింది రెండు రకాల రాత్రుల్ని. ఇద్దరిలో ఎవరి మాట చెల్లిందో మీరు విన్నారుగా, ఇంటినిండా చుట్టాల ముందు. ఏ ఇంట్లోనైనా సరే, బాగా చూశారా అన్న ప్రశ్న రాత్రి అక్కడ పడుకున్న మనిషిని అడగరు, చెక్కు రాసిన మనిషిని అడుగుతారు. ఆ జవాబు పట్టుకునే ఇంకో నలుగురు తమ తల్లుల్ని అక్కడికి తీసుకెళ్తారు.

కర్మలన్నీ అయ్యాక రెండుచోట్లనుంచీ ఫోన్లు వచ్చాయి. నర్సమ్మ, నేను నిద్రపోతున్నానా అని అడిగింది. మొదటి చోటువాళ్ళు, రేటింగు ఇవ్వలేదేమండీ అని అడిగారు.

పోయిన వారం మా బావగారే ఫోను చేశారు. వాళ్ళ మామగారికి, అంటే మా తోడికోడలి నాన్నగారికి, కాలేయం పూర్తిగా పాడైంది, రోజులు లెక్కపెట్టుకోవడమే అన్నారట. విజయవాడలో ఏదో చోటు ఉందని, ఫోటోలు పంపిస్తాను చూడమ్మా అన్నారు.

"ఫోటోలొద్దు బావగారూ. రాత్రి పదకొండు దాటాక ఒకసారి మీరే వెళ్ళండి. డ్యూటీలో ఎవరున్నారో అడగండి. మార్ఫిన్ బీరువా తాళం ఆ టైములో ఎవరి దగ్గరుంటుందో అడగండి. ఒక కేస్ షీటు ఖాళీది చూపించమనండి, నొప్పికి గడి ఉందేమో."

"అంత రాత్రప్పుడా? వాళ్ళేమనుకుంటారో!"

"అదే చూసి రండి" అన్నాను.