యంత్రము వ్రాసి ఉంచిన వాఙ్మూలము

ఈ విద్యా సంవత్సరారంభమున, ప్రవేశముల హడావిడి ముగియక ముందే, మా కళాశాల కంప్యూటరు గదిలో ఒక యంత్రము కుప్పకూలినది. తెర నీలముగా మారినది. దానిపై తెల్లని అక్షరములతో నాలుగు ఆంగ్ల వాక్యములు కొంతసేపు నిలిచి మాయమైనవి. ఆ వాక్యములను ఎవరును చదువలేదు. అందరును చూసినది ఆ యంత్రము ఎదుట కూర్చున్న ద్వితీయ సంవత్సరము బి.ఎ. విద్యార్థిని మాత్రమే. ఏదో పెన్‌డ్రైవు తగిలించి, ఏదో దింపుకొని పాడుచేసినాడని క్షణములో నిర్ణయము జరిగిపోయినది. "నేనేమీ చేయలేదు సార్" అని అతడు మూడు నాలుగు సార్లు అన్నాడు. ఐదువందల రూపాయల అపరాధ రుసుము పడినది. ఒక నెల వరకు ఆ గదిలోనికి రారాదన్నారు. సాయంత్రమునకు బయటినుండి మరమ్మతు చేయు వ్యక్తి వచ్చి, యంత్రమును ఫార్మాట్ చేసి, విండోస్‌ను మరల ఎక్కించి వెళ్లినాడు. ఈ సంచికకై మేము ముందుగా టైపు చేయించి ఉంచిన విద్యార్థుల రచనలు పద్దెనిమిది అందులోనే ఉండినవి. అవి కూడ పోయినవి.

పదకొండవ నాడు అదే యంత్రము, అదే నీలి తెరతో మరల కూలినది. ఈసారి ఎదుట ఉన్నది విద్యార్థి కాదు, హాజరు పట్టిక తయారుచేస్తున్న కార్యాలయ గుమాస్తా. ఆయనపై ఎవరును రుసుము విధించలేదు.

అదృష్టవశమున మేము ఆ సమయమునకు అక్కడనే ఉన్నాము. ఫార్మాట్ చేయవలదని ప్రాధేయపడి, సెల్‌ఫోనుతో ఆ తెరను ఫొటో తీసినాము. మేము తెలుగు పాఠములు చెప్పువారము. కంప్యూటరు శాస్త్రములో మాకు పట్టాలు లేవు. అయినను ఒక వాక్యమును పూర్తిగా చదువక దానిపై తీర్పు చెప్పరాదని తరగతిలో ప్రతిదినము చెప్పువారము కనుక, ఆ గదిలో ఆ మాట మరచిపోవుటకు సిగ్గు వేసినది. కంప్యూటరు శాఖలోని సహోద్యోగి ఒకరు దయతో మా ప్రక్కన కూర్చున్నారు.

తెరపై ఉన్న సంకేతము 'కెర్నెల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్'. వినుటకు మంత్రము వలె ఉన్నను దీని అర్థము సామాన్యమైనదే. యంత్రము తన జ్ఞాపకశక్తిని పుటలుగా విభజించుకొనును. ఒక్కొక్క పుట సాధారణముగా నాలుగు కిలోబైట్లు. చోటు చాలనప్పుడు కొన్ని పుటలను హార్డ్ డిస్కుపై దాచి, కావలసినప్పుడు మరల తెప్పించుకొనును. అట్లు తెప్పించుకొనబోయిన పుట చేతికి రాలేదని ఆ సంకేతము చెప్పుతున్నది. గ్రంథాలయములో పుస్తకము అడిగితే అలమారలో ఆ పుటలు చెదలు తిని ఉన్నట్లు! అలమార చెడినదా, తెచ్చు త్రోవలోని తీగ వదులైనదా అనునది ఇంకను తేలవలసి ఉండినది.

యంత్రమును మరల నడిపించి 'ఈవెంట్ వ్యూయర్' అను దానిని తెరచినాము. విండోస్ ఉన్న ప్రతి యంత్రములోను ఇది ఉన్నది. దీనికి విడిగా వెల లేదు. యంత్రములో జరిగిన ముఖ్యమైన సంఘటనలన్నియు తేదీ, గంట, నిమిషము, సెకనులతో అందులో నమోదై ఉండును. అందులో 'డిస్క్' అను పేరుతో 7వ సంఖ్య గల సంఘటన పదకొండు దినములలో ఇరవైమూడు సార్లు వచ్చినది. డిస్కుపై చెడిన భాగము ఉన్నదని దాని తాత్పర్యము. మొట్టమొదటిది ఫార్మాట్ చేసిన మరుసటి ఉదయమే. అప్పటికి ఆ విద్యార్థికి గదిలో ప్రవేశము నిషిద్ధము. అతని పెన్‌డ్రైవు అతని జేబులోనే ఉన్నది. డిస్కును మార్చినాము. నాటినుండి ఈ వ్యాసము వ్రాయు దినము వరకు ఆ యంత్రము కూలలేదు.

ఇక్కడ మమ్ము బాధించిన విషయము వేరొకటి ఉన్నది. మొదటిసారి కూలిన దినపు నమోదు ఇప్పుడు లేదు. ఫార్మాట్ దానిని కూడ తుడిచివేసినది. ఆ బాలుడు నిర్దోషి అని నిశ్చయముగా చెప్పగల సాక్షిని మనమే రుసుము చెల్లించి చెరిపించినాము. ఇప్పుడు మనకు మిగిలినది అనుమానము మాత్రమే. అది బలమైన అనుమానమే, అతని పక్షమున. తార్కికుల పరిభాషలో చెప్పవలెనన్న, ప్రత్యక్షమును పోగొట్టుకొని అనుమాన ప్రమాణముతో సరిపెట్టుకొంటున్నాము.

న్యాయస్థానములలో మరణ వాఙ్మూలమునకు ఎంత విలువ ఉన్నదో అందరికిని తెలిసినదే. యంత్రము కూలునప్పుడు వ్రాసి ఉంచునది అట్టి వాఙ్మూలమే. దానిని 'లాగ్' అంటారు. ఈ మాట నావికులనుండి వచ్చినది. పూర్వము ఓడ వేగమును కొలుచుటకు త్రాడు కట్టిన కొయ్యముక్కను నీటిలో విడిచి, ఆ లెక్కను ఒక పుస్తకములో వ్రాసేవారు. కొయ్య పేరు పుస్తకమునకు వచ్చినది. పుస్తకము పేరు కంప్యూటరు దస్త్రమునకు వచ్చినది. మన ఉర్దూ సహాధ్యాపకులు దీనిని రోజ్‌నామ్‌చా అంటే ఇట్టే అర్థము చేసుకొంటారు, ఠాణాలో ఉండునట్టిదే.

కంప్యూటర్ల చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన పుట ఒకటి అట్టి చేతివ్రాత పుస్తకములోనిదే. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయము వారి మార్క్ 2 యంత్రము సరిగా నడువకపోగా, పనివారు వెదకి, ఒక రిలేలో చిక్కుకొన్న చిమ్మటను కనుగొన్నారు. దానిని టేపుతో పుస్తకములో అంటించి, వేళ వేసి, ప్రక్కన ఒక పరిహాసపు మాట కూడ వ్రాసినారు. యంత్రదోషమును 'బగ్' అనుట అంతకు పూర్వమే ఉన్నది; నిజముగా పురుగే దొరికినందున వారికి నవ్వు వచ్చినది. ఆ పుట నేటికిని స్మిత్‌సోనియన్ వారి వద్ద భద్రముగా ఉన్నది. మేము మెచ్చుకొనునది ఆ చిమ్మటను కాదు, ఆ పుస్తకమును. యంత్రము ఎప్పుడు చెడినది, ఏమి చూసినాము, ఏమి దొరికినది అని వ్రాసి ఉంచిన అలవాటు ఉన్నందుననే అది మనవరకు వచ్చినది.

లాగ్‌ను చదువుట కష్టమని విద్యార్థులు జంకుతారు. వందల వరుసల ఆంగ్లమును చూసి భయపడుట సహజమే. తెలుగు, ఉర్దూ మాధ్యమములలో చదివి వచ్చిన మన పిల్లలకు మరింత సహజము. కాని అందులో తరచుగా వచ్చు మాటలు ముప్పది నలుబదికి మించవు. 'ఫెయిల్డ్' అంటే పని నెరవేరలేదు. 'టైమవుట్' అంటే గడువులోగా జవాబు రాలేదు. 'యాక్సెస్ డినైడ్' అంటే అనుమతి లేదు. 'నాట్ ఫౌండ్' అంటే వెదకినది దొరకలేదు. పెద్దన ప్రబంధమునకు అన్వయము చెప్పగల పిల్లలకు ఇవి ఒక లెక్కా?

మా శాఖ విద్యయే ఇక్కడ పనికివచ్చినది. శాసనమును చదువువారు ముందుగా కాలమును చూస్తారు. లాగ్‌లోను మొదట వేళనే చూడవలెను. అందులో ఒక చిక్కు ఉన్నది. కొన్ని లాగులు మన గడియారము ప్రకారము కాక అంతర్జాతీయ సమన్వయ కాలము ప్రకారము వ్రాయును. దానికి 5 గంటల 30 నిమిషములు కలుపుకొనవలెను. ఇది తెలియనివారు పట్టపగలు జరిగిన దానికి రాత్రి కావలివానిని నిందించగలరు.

రెండవది తాళపత్ర ప్రతులను పోల్చువారి పద్ధతి. ఒక లేఖకుడు చేసిన తప్పు అతని ప్రతిని చూసి వ్రాసిన వారందరిలోను ప్రాకును. పరిష్కర్త ఆ తప్పులన్నింటిని లెక్కించడు. మాతృకలోని మొదటి తప్పును వెదకును. లాగ్‌లో చివరి వరుస కంటిని ఎక్కువ ఆకర్షించును గాని, అది చాల సందర్భములలో కూలిన శబ్దమే. కారణము దానికి పైన, పది వరుసలకో వంద వరుసలకో ముందు ఉండవచ్చును. మా యంత్రములోనే 'కెర్నెల్ పవర్' అను పేరుతో 41వ సంఖ్య గల ఎర్రని వరుస ప్రస్ఫుటముగా కనబడినది. చాలమంది దానిని చూసి విద్యుత్తు లోపమని తీర్మానిస్తారు. అది చెప్పునది ఒక్కటే: యంత్రము క్రమముగా ఆగకుండ మరల మొదలైనదని. ఎందుకు ఆగినదో అది చెప్పదు. ఆ వరుసను నమ్మి ఉంటే మేము కొత్త యూపీఎస్ కొనిపించి ఉండేవారము!

సందేశమును తప్పుగా చదివినందువలన ఎంత నష్టము కలుగునో చూపుటకు 1996 జూన్ 4 నాటి ఏరియాన్ 5 రాకెట్టు కథకు మించినది మాకు తెలియదు. ఫ్రెంచి గయానాలోని కూరూ నుండి బయలుదేరిన ఆ రాకెట్టు తన మొదటి ప్రయాణములోనే సుమారు నలుబది సెకన్లలో ముక్కలైనది. దిశను తెలుపు పరికరములోని ప్రోగ్రాము 64 బిట్ల సంఖ్య నొకదానిని 16 బిట్ల చోటులో ఇరికించబోయి విఫలమైనది. పాత ఏరియాన్ 4లో ఆ సంఖ్య అంత పెద్దది కాలేదు కనుక అక్కడ ఆ తప్పు బయటపడలేదు. తోడుగా ఉంచిన రెండవ పరికరములోను అదే ప్రోగ్రాము, అదే తప్పు. అంతవరకు లోకమంతకు తెలిసినదే. తరువాతి ఘట్టమే విచిత్రము. విఫలమైన పరికరము తన దోషమును తెలుపు సందేశమును పంపినది. రాకెట్టులోని ప్రధాన కంప్యూటరు ఆ దోషసందేశమును ప్రయాణపు లెక్కగా భావించి, లేని వంకరను సరిదిద్దబోయి, రాకెట్టును నిజముగానే వంచివేసినది. "నేను చెడిపోయినాను" అని చెప్పిన మాటను "కుడికి తిరుగుము" అని విన్నట్లు!

అయితే విచారణ సంఘము వారు శకలములలో దొరికిన ఆ పరికరమునే తెచ్చి దాని జ్ఞాపకములో మిగిలిన అంకెలను చదివినారు. ఆ చదువు కారణము తేల్చుటకు మిక్కిలి తోడ్పడినది. జూలై 19 నాటికి, అనగా ఏడు వారములు నిండక ముందే, వారి నివేదిక సిద్ధమైనది. ఎవరో ఒకరిని పట్టుకొని రుసుము వేసి ఊరకుండలేదు.

తారీఖుల వింత ఏమో గాని, 2024లో అదే జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సంస్థ పంపిన ఒక దస్త్రపు లోపము వలన ప్రపంచమున సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు కూలినవని మైక్రోసాఫ్ట్ వారు అంచనా వేసినారు. మన గడియారము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు అది బయలుదేరినది. 78 నిమిషములలో ఉపసంహరించినారు. శంషాబాద్ విమానాశ్రయములో సైతము చేతివ్రాత బోర్డింగ్ పాసులు ఇచ్చిన దినము అది. ఆనాడు అనేక నీలి తెరలపై దోషి అయిన భాగము పేరు కనబడుతూనే ఉన్నది. ఇరువది అంశములు రావలెనని ఎదురుచూసిన ప్రోగ్రాము ఇరువదియొకటవ దానిని వెదకబోయి, తనది కాని చోటులో చేయి పెట్టినదని తరువాత తేలినది. అంత పెద్ద ఉపద్రవమునకు చికిత్స ఏమనగా, యంత్రమును సేఫ్ మోడ్‌లో తెరచి ఒక దస్త్రమును తీసివేయుట. తెరను చదువక ఆనాడు యంత్రమును ఫార్మాట్ చేసినవారెవరైన ఉంటే, వారు తమ పత్రములను వృథాగా పోగొట్టుకొన్నట్లే.

తెర రంగు మాట వచ్చినది కనుక చెప్పుచున్నాము: 2025 నుండి విండోస్ 11లో ఈ తెరను నల్లగా మార్చినారు. నీలి తెర రానందున యంత్రము క్షేమమని ఎవరును అనుకొనరాదు.

మరమ్మతు చేయువారి పక్షమున కూడ ఒక మాట చెప్పుట ధర్మము. ప్రవేశముల దినమున వరుసలో రెండువందల మంది నిలిచి ఉండగా లాగులు చదువుతూ కూర్చొనుట సాధ్యము కాదు. అట్టి సమయములో ఫార్మాట్ చేయుటయే మేలు కావచ్చును. మేము కోరునది అంతకు ముందు ఐదు నిమిషములు. తెరను ఫొటో తీయుట, ఈవెంట్ వ్యూయర్‌లోని నమోదును ఒక దస్త్రముగా దాచుట, విండోస్ ఫోల్డరులోని 'మినీడంప్' అను సంచిని వేరొక చోటికి ఎత్తిపెట్టుట, ఇంతే. చదువుట తరువాత తీరికగా జరుగవచ్చును. ఈ డంపులలో కూలిన క్షణపు జ్ఞాపకము ఉండును గనుక, పెద్ద డంపులలో సంకేతపదములు, స్వంత పత్రములు చిక్కి ఉండవచ్చును. వాటిని ఊరిలో అందరికి పంపరాదు. కృత్రిమ మేధను అడిగి అర్థము తెలుసుకొను విద్యార్థులు ఇప్పుడు చాలమంది ఉన్నారు. అడుగుటలో తప్పు లేదు. ఏ వరుసను చూపి అడుగవలెనో ఎంచుకొనుటకైనను ముందు చదువవలసి ఉన్నది కదా!

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము చిన్నది. కంప్యూటరు గదిలో ఒక గట్టి అట్ట రిజిస్టరు ఉంచవలెను; కూలిన యంత్రపు సంఖ్య, వేళ, తెరపై ఉన్న సంకేతము, చూసినవారి సంతకము అందులో ఉండవలెను. లాగ్‌ను దాచకుండ ఏ యంత్రమును ఫార్మాట్ చేయరాదని, లాగ్‌ను చదువకుండ ఏ విద్యార్థి నుండియు రుసుము వసూలు చేయరాదని ఒక తీర్మానము చేయవలెను. తరచుగా వచ్చు దోషపు మాటలకు తెలుగు, ఉర్దూ అర్థములతో ఒక పట్టికను మా శాఖయు ఉర్దూ శాఖయు కలిసి తయారుచేయుచున్నవి. అది గోడపై అంటించుటకు అనుమతి కావలెను. రిజిస్టరును మేమే కొని తెచ్చినాము. మొదటి పుటలో రెండవ పతనము వివరములు వ్రాసినాము. మొదటి పతనమునకు విడిచిన చోటు ఖాళీగానే ఉన్నది.

ఆ విద్యార్థికి ఐదువందల రూపాయలను తిరిగి ఇప్పించవలెనని కోరుతూ వ్రాసిన దరఖాస్తును కూడ కమిటీ వారికి సమర్పించినాము. దానికి జతపరచినవి మూడు కాగితములు: తెర ఛాయాచిత్రము, ఇరవైమూడు వరుసల జాబితా, క్రొత్త డిస్కు కొనిన రసీదు.