తోట బంగళాలో ఈతకొలను: కాపలా ఎవరు?

"డాక్టరు గారూ! మా అమ్మాయి, అల్లుడు, పిల్లలు సెలవులకు హైదరాబాదు నుంచి వస్తున్నారు. వాళ్ళ స్నేహితుల కుటుంబాలు మరో రెండు వస్తున్నాయి. నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య ఒక మామిడితోటలో బంగళా మూడు రోజులకు అద్దెకు తీసుకున్నాం. ఏసీ గదులు, వంటమనిషి, స్విమ్మింగ్ పూల్ అన్నీ ఉన్నాయి. పిల్లలు ఆరుగురు. అందరికంటే చిన్నవాడికి నాలుగేళ్ళు. ఎక్కువసేపు నీళ్ళల్లో ఉంటే జలుబు చేస్తుందా? చెవిపోటు వస్తుందా? ఏయే మందులు దగ్గర ఉంచుకోవాలి?" అని నందిగామ నుంచి ఒక పాఠకుడు రాశారు.

ముందు ఆయన అడిగినవాటికి జవాబు చెప్పేస్తాను. నీళ్ళల్లో ఆడినంత మాత్రాన జలుబు చేయదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, పక్కవాడి దగ్గర నుంచి వస్తుంది. చెవిలో నీరు నిలిచి చర్మం నానితే నొప్పి రావచ్చు. ఈత అయ్యాక తల ఒకపక్కకు వంచి నీరు కారనిచ్చి, తువ్వాలుతో పైపైన తుడిస్తే చాలు. అగ్గిపుల్లలు పెట్టి తిప్పడం, నూనె కాచి పోయడం వద్దు. చీము కారే చెవి ఉన్న పిల్లల్ని మాత్రం అసలు దించకండి. ఇక మందులంటారా? ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పారాసెటమాల్, గాయానికి కట్టు కట్టే సామాను, పెద్దవాళ్ళు రోజూ వేసుకునే బీపీ, షుగరు బిళ్ళలు. అంతే.

ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను. జలుబు గురించి ఉంది, చెవిపోటు గురించి ఉంది. పిల్లవాడు నీళ్ళల్లో మునిగితే ఏం చేయాలన్న మాట ఒక్కటీ లేదు. ఆయన్ని తప్పుపట్టడం లేదు. నన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్ళు చాలా తక్కువ.

మా చిన్నతనంలో ఈ మెట్టప్రాంతపు పల్లెల్లో ఈత అంటే దిగుడు బావే. నడుముకు ఎండు సొరబుర్రలు కట్టి, తాడు వేసి, గట్టుమీద పెద్దవాడొకడు ఆ తాడు పట్టుకుని కూర్చునేవాడు. బావి చీకటిగా ఉండేది, చూస్తేనే భయం వేసేది. ఆ భయమే సగం కాపలా. ఇప్పటి కొలను అలా ఉండదు. నీలం రంగు పలకలు, తేటనీరు, చుట్టూ గడ్డి, పక్కన కుర్చీలు. బావి దగ్గరికి వెళ్తే కేకలేసే తల్లి, ఈ కొలను పక్కన పిల్లవాణ్ణి వదిలి టీ తాగడానికి లోపలికి వెళ్తుంది. మూడడుగుల నీరే కదా అనుకుంటుంది. మూడడుగుల ఎత్తున్న పిల్లవాడికి మూడడుగుల నీరు నిలువెత్తు నీరు!

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో లోకం మొత్తంమీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వాళ్ళలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పిల్లలు.

మునిగేవాడు చేతులూపుతాడు, "రక్షించండి" అని అరుస్తాడు అనుకుంటాం. సినిమాల్లో అలాగే చూపిస్తారు. నిజానికి మునిగే పిల్లవాడు అరవలేడు. అరవాలంటే ముందు ఊపిరి అందాలి. నోరు ఒకసారి నీటిపైకి వస్తుంది, మళ్ళీ కిందికి పోతుంది. చేతులు పైకి లేవవు, నీటిని కిందికి నొక్కుతుంటాయి. తల వెనక్కి వాలుతుంది. దూరం నుంచి చూసేవాళ్ళకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఇదంతా నిమిషంలోపే అయిపోవచ్చు. ఊపిరి ఆగాక నాలుగైదు నిమిషాలకు మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

చాలా ఏళ్ళ కిందట నేను పనిచేస్తున్న ఆసుపత్రికి ఐదేళ్ళ బాబును తీసుకొచ్చారు. పుట్టినరోజు వేడుక. కొలను చుట్టూ పదిమంది పెద్దవాళ్ళున్నారు. ప్రతివాళ్ళూ ఇంకొకరు చూస్తున్నారనుకున్నారు. బయటికి తీశాక కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పారు, పొట్ట నొక్కారు, తర్వాత కారులో వేసుకుని అరగంట ప్రయాణం చేశారు. నా చేతికి వచ్చేసరికి చేయడానికేమీ మిగల్లేదు. "ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నాడండీ" అని ఆ తల్లి పదేపదే అంటూనే ఉంది. ఆమె చెప్పింది నిజమే.

కాబట్టి బంగళాకు వెళ్ళగానే గదులు పంచుకోవడం కంటే ముందు ఒక పని చేయండి. పిల్లలు నీళ్ళల్లో ఉన్నంతసేపూ చూడ్డానికి ఒకరి పేరు చెప్పండి. "అందరం ఉన్నాం కదా" అంటే ఎవరూ లేనట్టే. పావుగంటకోసారి మనిషి మారవచ్చు. మారేటప్పుడు "ఇక నీది" అని నోటితో చెప్పాలి. ఆ పావుగంటా ఫోను పక్కన పెట్టాలి. చిన్నపిల్లలైతే చేయి చాస్తే అందేంత దూరంలో, నీళ్ళల్లోనే ఉండాలి. గాలి నింపిన ట్యూబులు, చేతికి తొడిగే బుడగలు ఆటవస్తువులే. వాటిని నమ్ముకుని పిల్లవాణ్ణి వదలకండి. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళయినా సరే, ఒంటరిగా దిగకూడదు. రాత్రి భోజనాలప్పుడు సీసాలు తెరిచే మగవారికి ఒక మనవి: ఆ తర్వాత కొలను జోలికి వెళ్ళకండి, కాపలా బాధ్యత కూడా తీసుకోకండి. లోతు తెలియకుండా తలకిందులుగా దూకి మెడ ఎముక విరగ్గొట్టుకుంటే మంచానికే అంకితమయ్యే ప్రమాదం ఉంది.

బంగళా తీసుకునే ముందే యజమానిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కొలనుకు నాలుగువైపులా కంచె ఉందా? నాలుగడుగుల ఎత్తుండాలి. గేటు తనంతట తానే మూసుకోవాలి, గడియ చిన్నపిల్లలకు అందకూడదు. ఇంటి తలుపు తీస్తే నేరుగా కొలనే ఎదురయ్యే బంగళాలు ఫోటోల్లో బాగుంటాయి. నాలుగేళ్ళ పిల్లవాడు పెద్దవాళ్ళకంటే ముందే నిద్రలేస్తాడని ఆ ఫోటోలు తీసినవాళ్ళకు తెలియదేమో! కంచె లేకపోతే రాత్రిపూట తలుపులకు పైగడియ వేయించండి. ఆట అయ్యాక బంతులూ బొమ్మలూ నీటిలోంచి తీసేయండి. పిల్లవాణ్ణి పిలిచేవి అవే.

ఇక నీటి సంగతి. నిలబడి చూస్తే కొలను అడుగు స్పష్టంగా కనబడాలి. మసకగా ఉంటే ఎవరినీ దించకండి. మసకనీటిలో సూక్ష్మజీవులే కాదు, మునిగిన పిల్లవాడూ కనబడడు. నీటిలో క్లోరిన్ కనీసం 1 పీపీఎం, పీహెచ్ 7 నుంచి 7.8 మధ్య ఉండాలి. పరీక్షించే కాగితపు పట్టీలు దొరుకుతాయి, ఖరీదు ఎక్కువేమీ కాదు. ఎండకు క్లోరిన్ త్వరగా తగ్గిపోతుంది. మన ఎండల సంగతి చెప్పేదేముంది? నిన్న వేశాం అంటే సరిపోదు. ఘాటువాసన వస్తుంటే క్లోరిన్ బాగా వేశారని సంతోషించకండి. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసినప్పుడు వచ్చే వాసన అది. దిగేముందు అందరూ స్నానం చేయాలనేది అందుకే. విరేచనాలవుతున్న పిల్లవాణ్ణి దించకూడదు. కొన్ని క్రిములు క్లోరిన్‌లో కూడా రోజుల తరబడి బతుకుతాయి. కేరళలో 2024, 2025లలో మెదడుకు సోకిన అమీబా జబ్బు గురించి పేపర్లలో చదివి కొందరు భయపడుతున్నారు. అది చాలా అరుదు. ఆ అమీబా ఉన్న నీరు ముక్కులోకి పోతే వస్తుంది, తాగితే రాదు. క్లోరిన్ సరిగా ఉన్న కొలనులో ఆ భయం అక్కర్లేదు.

జగ్గయ్యపేట ప్రాంతం సున్నపురాతి నేల. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడికి వచ్చిందే అందుకు. అలాంటి నేలలో బోరునీరు సాధారణంగా కఠినంగా ఉంటుంది, పలకల మీద తెల్లగా పొర కడుతుంది. దాన్ని వదిలించడానికి కాపలాదారు యాసిడ్ వాడతాడు. అదే మనిషి అదే బక్కెట్టులో బ్లీచింగ్ పౌడరు కూడా కలిపాడంటే విషవాయువు లేస్తుంది. ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పాపం, అతనికి ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. ఆ రెండూ వేరువేరు గదుల్లో ఉండాలని మీరైనా చెప్పండి. పత్తికీ మిర్చికీ కొట్టిన పురుగుమందు డబ్బాల్లో వాటిని పోసి ఉంచితే వెంటనే తీయించండి.

వచ్చినవాళ్ళు బంగళాలోనే కూర్చోరు కదా! వేదాద్రి నరసింహస్వామి, ముక్త్యాల, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ, జగ్గయ్యపేట బౌద్ధస్తూపం అన్నీ చుట్టుపక్కలే. తప్పకుండా చూపించండి. కానీ కొలనులో నాలుగు చేతులు వేయడం నేర్చిన పిల్లలకు కృష్ణ, మునేరు కూడా కొలనులాగే కనిపిస్తాయి. అక్కడ అడుగు ఒక్కలా ఉండదు. ఇసుక తీసిన గోతులుంటాయి. పైన పులిచింతలలో గేట్లెత్తితే వేదాద్రి, ముక్త్యాల రేవుల్లో నీటిమట్టం మారిపోతుంది. 2022 జనవరిలో చందర్లపాడు మండలం ఏటూరు దగ్గర మునేట్లో దిగిన పిల్లలు ఐదుగురు చనిపోయారు. ఏటి ఒడ్డున పుట్టిన పిల్లలకే అలా అయితే పట్నం పిల్లల మాట చెప్పాలా? స్నానం చేయాలంటే రేవు మెట్ల మీదే, చెంబుతోనే.

ఇంత చేసినా ప్రమాదం జరిగిందే అనుకోండి. ఈతరానివాళ్ళు వెంట దూకకండి. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోవడం అందువల్లే. కర్ర, తాడు, చీర ఏది దొరికితే అది అందించండి. బయటికి తీశాక కాళ్ళు పట్టుకుని తిప్పకండి, పొట్ట నొక్కకండి. కడుపులో నీరు రావడం కాదు ముఖ్యం, ఛాతీలోకి గాలి పోవడం ముఖ్యం. పొట్ట నొక్కితే తిన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఊపిరి లేకపోతే గట్టినేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. నుదుటిమీద చేయి వేసి తల కొద్దిగా వెనక్కి వంచి, గడ్డం పైకెత్తండి. ముక్కు మూసి, మీ నోటితో అతని నోటిలోకి రెండుసార్లు గాలి ఊదండి. ఛాతీ పైకి లేవాలి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కండి. పిల్లలకైతే ఒక అరచేతి మడమతో, ఛాతీ మందంలో మూడోవంతు దిగేలా. పెద్దవాళ్ళకైతే రెండు చేతులతో, రెండంగుళాలు దిగేలా. వేగం నిమిషానికి 100 నుంచి 120. మళ్ళీ రెండు ఊపిరులు, మళ్ళీ 30. వాంతి అయితే పక్కకు తిప్పి నోరు తుడిచి మళ్ళీ మొదలుపెట్టండి. ఊపిరి వచ్చేదాకా లేదా అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. పక్కటెముక విరుగుతుందేమోనని సందేహించకండి, ఎముక తర్వాత అతుక్కుంటుంది. ఇది చదివితే వచ్చేది కాదు, చేసి నేర్చుకోవాలి. దగ్గరలోని ఆసుపత్రిలో అడిగి, వెళ్ళే ముందే ఇంట్లో ఇద్దరైనా నేర్చుకోండి. పిల్లవాడు తేరుకుని లేచి కూర్చున్నా ఇంట్లో ఉంచుకోకండి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలుకావచ్చు. ఆసుపత్రిలో కనీసం ఆరేడు గంటలు చూడాలి.

ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు 108కి ఫోను చేయాలి. ఇక్కడే చాలామంది తడబడతారు. "మామిడితోటలో బంగళా" అంటే ఆ ప్రాంతంలో ఎన్ని తోటలు! మొదటి సాయంత్రమే కాపలాదారును పిలిచి ఊరిపేరు, మండలం, పెద్దరోడ్డు మీద ఎక్కడ తిరగాలి, ఏ గుర్తు కనబడుతుంది అన్నీ అడిగి ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి తలుపుకు అంటించండి. ఫోను పెట్టేయగానే ఒక మనిషిని మలుపు దగ్గరికి పంపండి. రాత్రయితే అతని చేతిలో టార్చిలైటు ఉండాలి.