అమ్మ చీరలూ, కర్తరి ఎండలూ

కర్తరిలో కొయ్య కొట్టకూడదు, మట్టి తవ్వకూడదు, ఇంటికి ముగ్గు పోయకూడదు అంటారు పెద్దలు. కర్తరి అంటే కత్తెర అనే అర్థం ఉన్నా, బట్ట కత్తిరించకూడదని మాత్రం ఎవరూ అనగా నేను వినలేదు. సాధారణంగా మే 4న మొదలై 28 దాకా ఉండే ఈ 25 రోజులూ తిరుపతి వీధుల్లో మిట్టమధ్యాహ్నం కాకి కూడా కనిపించదు. ఎలాగూ తలుపులు మూసుకుని కూర్చోక తప్పదు. ఆ కూర్చునేదేదో సూదీ దారం పట్టుకుని కూర్చుంటే పొద్దు ఇట్టే పోతుంది.

అయితే ఊలు జోలికి పోకండి. చెమట చేతులకు అంటుకుని విసుగు పుట్టిస్తుంది. దాన్ని మదనపల్లె చలికాలానికి దాచుకోండి. ఈ ఎండలకు నూలుబట్టే సుఖం. అందుకే ఈ వారం బొంత సంగతి చెబుతాను. దానికి కారణం ఒక ఉత్తరం.

చిత్తూరు నుంచి ఒక సోదరి రాశారు. వాళ్లమ్మగారు పోయి ఏడాదయిందట. పెట్టెలో ఏడు నూలు చీరలున్నాయి. కట్టుకుందామంటే చిరుగుబట్టాయి, పారేద్దామంటే చేతులు రావు. పాతబట్టలకు సామాన్లిచ్చేవాడు స్టీలు బేసిను ఇస్తానన్నాడట. వేయమంటారా, వద్దా అని అడిగారు.

వద్దమ్మా! ముందు ఒక్క బొంత కుట్టి చూడండి.

అమ్మగారు ఎక్కువగా కట్టిన చీరను కత్తిరించకండి. అదే అడుగు పొర. ఆరు గజాల చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు వస్తుంది. ఒకరు పడుకోవడానికి చాలు. చిరిగినచోటు లోపలి మడతలోకి వచ్చేలా చూసుకోండి. తక్కిన చీరలను వెలుతురుకు పట్టి చూసి, గట్టిగా ఉన్న చోట్లనే ముక్కలు తీయండి. రంగు దిగే చీరను విడిగా ఉతికి నీడన ఆరేయండి. పట్టు, నైలాను ముక్కలను నూలుతో కలపకండి. ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుంటే మరొకటి ముడుచుకోదు.

అట్టముక్కతో ఆరున్నర అంగుళాల చదరం చేసుకుని, దాని ప్రకారం 77 ముక్కలు కత్తిరించండి. చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోగా ఆరంగుళాలు మిగులుతుంది. వరుసకు ఏడు చొప్పున పదకొండు వరుసలు. రోజుకొక వరుస కుట్టినా పదకొండు రోజుల్లో పై పొర సిద్ధం. ఫ్యాను కింద మాత్రం ముక్కలు పరచకండి. పక్కింటి దాకా ఎగిరిపోతాయి!

తర్వాత పై పొరను మడత చీరమీద పరిచి, ముడతలు లేకుండా పెద్ద పెద్ద టాకాలు వేయండి. మిగిలిన అంచును పైకి మడిచి కుట్టండి. ఇక గట్టి నూలు దారం రెండు పేటలుగా తీసుకుని, నడిమి నుంచి అంచులవైపు వరుసగా కుట్టుకుంటూ పోండి. అంచు నుంచి మొదలుపెడితే బట్ట నడిమికి వచ్చి ఉబ్బుతుంది. మెషిను ఉన్నవారు ముక్కలను దానిమీద కలుపుకున్నా, ఈ చివరి కుట్టు మాత్రం చేత్తోనే వేయండి. అప్పుడే బొంత మెత్తగా ఉంటుంది. సూదిలో దారం ఎక్కించే పని పిల్లలకు అప్పగించండి, మగపిల్లలకు కూడా.

ఇదంతా పేదింటి పని అని ఎవరైనా చప్పరిస్తే ఒక సంగతి చెప్పండి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని ఒక నల్లవారి పల్లె. అక్కడ మిస్సోరీ పెట్‌వే అనే ఆమె, భర్త పోయిన తర్వాత 1942లో అతని పనిబట్టలను బొంతగా కుట్టుకుంది, కప్పుకుంటే అతను జ్ఞాపకముంటాడని. 2002లో ఆ ఊరివాళ్ల బొంతలను హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియంలలో గోడలకు వేలాడదీస్తే జనం విరగబడి చూశారు. ఎక్కడి అలబామా, ఎక్కడి చిత్తూరు! దుఃఖం వచ్చినప్పుడు ఆడవాళ్ల చెయ్యి వెతుక్కునేది మాత్రం ఆ సూదినే.

మొదటి చీరమీద కత్తెర పెట్టేటప్పుడు కళ్లనీళ్లు వస్తాయి. రానివ్వండి. ముక్కలు కలుపుతుంటే ఇది ఉగాదికి కొన్నది, ఇది తమ్ముడి పెళ్లిలో కట్టింది అని మీరే చెప్పడం మొదలుపెడతారు. పిల్లలు వింటారు. రేపు ఆ బొంతమీద పడుకుని వాళ్లే అడుగుతారు, ఈ ముక్క అవ్వ ఏ చీరది అని.

స్టీలు బేసిను అంగట్లో ఎప్పుడైనా దొరుకుతుంది.