పరదేశయానమును ప్రజావాహనములును

మన తెలుగునాటి విద్యార్థులు పలువురు నేడు ఉన్నతవిద్యకై విదేశములకు పోవుచున్నారు. వారిని సాగనంపు తల్లిదండ్రులు ఫీజు సంగతి, బస సంగతి, చలి సంగతి శ్రద్ధతో విచారింతురు. అచ్చటి బస్సులోను రైలులోను ఎట్లు మెలగవలెనో విచారించువారు మాత్రము అరుదు. మా యభిప్రాయములో ఈ చిన్న సంగతియే మిక్కిలి ముఖ్యమైనది. పరదేశి నడవడి ఆ దేశపు ప్రజలకు మొదట తెలియుచోటు కళాశాల కాదు. అందరును ఎక్కు బండియే.

ఇట్టి ప్రయాణమువలని లాభములు పెక్కు కలవు. బాడుగకారులో పోవువాడు ఊరిని అద్దములోనుండి చూచును. బస్సెక్కినవాడు ఊరివారి నడుమ కూర్చుండును. లండను నగరమునందు నేలక్రింద నడచు రైలు 1863 జనవరి 10వ తేదీని ప్రజలకు తెరువబడెను. లోకమునందు అట్టివానిలో అదియే మొదటిది. నేడు ఆ స్టేషనులలోని మరమెట్లమీద నిలువదలచినవారు కుడిప్రక్కను నిలిచి, త్వరపడువారికి ఎడమప్రక్కను త్రోవ విడుతురు. క్రొత్తవాడు ముందున్నవారిని చూచి ఈ మర్యాదను నేర్చుకొనును. జపానుదేశములో రైలు ఆలస్యమైనయెడల, ప్రయాణికుడు తన బడిలోనో పనిచోటనో చూపుకొనుటకు రైల్వేవారే పత్రమిత్తురు. కాలమునకు వారిచ్చు విలువ దీనివలన తేటపడుచున్నది.

కష్టములును లేకపోలేదు. జర్మనీ నగరములలో పెక్కుచోట్ల స్టేషనులకు అడ్డుగేట్లు లేవు. అచ్చట టిక్కెట్టు కొనుటతోనే పని తీరదు. కొన్ని టిక్కెట్లను యంత్రములో నుంచి ముద్ర వేయించుకొనవలెను. ముద్రలేని టిక్కెట్టు గలవాడు టిక్కెట్టే లేనివానితో సమానుడగును. తనిఖీదారులు సాధారణమైన దుస్తులతో వచ్చుటయు కలదు. భాష తెలియదని చెప్పినంతమాత్రమున విడిచిపెట్టరు. ఈ జరిమానా 2015వ సంవత్సరమున 40 యూరోలనుండి 60 యూరోలకు హెచ్చింపబడెను. టోకియోలోనన్నచో, నడిరేయి దాటిన కొలదిసేపటికే రైళ్లు నిలిచిపోవును. ఆ వేళ నెరుగనివాడు తెల్లవారువరకు కాచుకొనవలసివచ్చును.

ఇంతకన్న బాధకరమైనది అవమానము. 1893 జూన్ 7వ తేదీ రాత్రి గాంధీగారు, మొదటి తరగతి టిక్కెట్టు చేతనున్నను, దేహచ్ఛాయ కారణముగ దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనులో బండినుండి దింపివేయబడిరి. టిక్కెట్టు కొన్న ప్రతివానిని సమానముగ చూచుట బండి నడుపువారి ధర్మము. అట్లే ప్రయాణికునికిని ఒక ధర్మము కలదు.

అడ్డుగేటు లేనిచోట “ఎవరు చూడవచ్చిరి?” అని టిక్కెట్టు కొనక ఎక్కు యువకులు కొందరుందురు. దీనిని వారు తెలివియని తలంతురు. మేమట్లు తలంపము. గేటు లేకుండుట అజాగ్రత్త కాదు. అది ప్రయాణికునియందు ఉంచబడిన నమ్మకము. దానిని వమ్ముచేయువాడు చార్జీసొమ్మును మాత్రమే గాక, తన వెనుక రాబోవు మనవారి గౌరవమును గూడ అపహరించుచున్నాడు. బీదవిద్యార్థికి చార్జీ భారము కాదా యని కొందరడుగవచ్చును. భారమే. అయితే జర్మనీలోని పెక్కు విశ్వవిద్యాలయములు తాము తీసికొను రుసుములోనే ప్రయాణపు టిక్కెట్టును చేర్చియున్నవి. ఇట్టి సౌకర్యములను ముందుగా విచారించి తెలిసికొనవలెను. అదియు లేనిచోట, దొంగప్రయాణముకన్న కాలినడకయే మేలు.

ఈ శిక్షణ విమానమెక్కిన తరువాత ఆరంభించునది కాదు. మన యూరి బస్సులోనే ఆరంభింపవలెను. తెలంగాణములో 2023 డిసెంబరు 9వ తేదీనుండియు, ఆంధ్రప్రదేశములో 2025 ఆగస్టు 15వ తేదీనుండియు, నిర్ణయింపబడిన తరగతుల ఆర్టీసీ బస్సులలో స్త్రీలకును బాలికలకును ఉచితప్రయాణపు వసతి కల్పింపబడెను. సొమ్మీయనక్కర లేకున్నను జీరో టిక్కెట్టును అడిగి తీసికొనుట మన బాలికల విధి. ఏలయన ప్రభుత్వము ఆర్టీసీకి చెల్లింపవలసిన సొమ్మునకు ఆ టిక్కెట్టే లెక్క. బాలురు ఫుట్‌బోర్డుమీద వ్రేలాడుట మాని, లోపలికి జరిగి, వృద్ధులకును చంటిబిడ్డల తల్లులకును చోటియ్యవలెను. ఇచ్చట కండక్టరు చూచుచుండగా సరిగ నడచువాడు కాదు, చూడనప్పుడును సరిగ నడచువాడే పరదేశమున నిలువగలడు.

అపొస్తలుడైన పౌలు ఖైదీగా రోమాకు కొనిపోబడునప్పుడు అలెక్సంద్రియ ఓడలో తనతో కూడ 276 మంది ఉండిరి. తుపాను చెలరేగినవేళ ఆయన తన ప్రాణమును మాత్రమే తలపోయక అందరిని ధైర్యపరచి, భోజనము చేయుడని బతిమాలెను. తోడి ప్రయాణికుడనగా ఎట్టివాడో ఇందువలన గ్రహింపవచ్చును.

కావున తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఏ దేశమునకు పోయినను, పెట్టెలో ఊరగాయజాడీతోపాటు ఈ యలవాటును గూడ కట్టి పంపుడు. విద్యార్థులారా, రేపు ఉదయమున బడికి వచ్చు బస్సులోనే దీనిని మొదలుపెట్టుడు.