రిపోర్టు తండ్రికీ చదివి వినిపించాలి

బిడ్డకు మూడు నెలలొచ్చినా తల్లి ముఖంకేసి చూడటం లేదు. కళ్ళు నిలకడ లేకుండా కదులుతున్నాయి. ఎప్పుడూ గుప్పిట్లతో కళ్ళు నులుముకుంటోంది. అప్పుడు మన ఇళ్ళలో ప్రశ్నలన్నీ తల్లికే. గ్రహణంనాడు బయటికొచ్చావా? కత్తిపీట పట్టుకున్నావా? ఏ మాత్రలు మింగావు?

ఇది లెబర్ కంజెనిటల్ అమరోసిస్ అనే అరుదైన జబ్బు కావచ్చు. జర్మన్ వైద్యుడు థియోడర్ లెబర్ 1869లోనే దీన్ని వర్ణించాడు. రెటీనాలో వెలుగును గ్రహించే కణాలు పుట్టుకనుంచే సరిగా పనిచేయవు. చిక్కేమిటంటే, పసితనంలో రెటీనా ఫోటో తీస్తే చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది. "ఏమీ లేదమ్మా, పెద్దయితే చూస్తుంది" అన్న మాటతో ఏళ్ళు గడిచిపోతాయి. వెలుతురుకు రెటీనా స్పందనను కొలిచే ఇ.ఆర్.జి., రెటీనా పొరలను విడివిడిగా చూపే ఓ.సి.టి., ఆపైన జన్యు పరీక్ష జరిగితేగాని సంగతి తేలదు.

శ్రీనగర్ కాలనీ వాళ్ళకు పక్కనే బంజారాహిల్స్‌లో, 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది. ఆదిలాబాద్‌నుంచి రావలసిన కూలీ తల్లికి మాత్రం అదే ఆస్పత్రి అంటే బస్సు చార్జీలు, పోయిన కూలి, అన్నిటికన్నా ముందు అత్తింటివాళ్ళ అనుమతి.

అన్నీ దాటుకుని వచ్చిన ఆమెకు ఆ రిపోర్టులో ముఖ్యమైన సంగతి ఒకటుంటుంది. ఈ జబ్బు చాలా రకాల్లో, లోపమున్న జన్యువు తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి చేరితేనే వస్తుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగోవంతు అవకాశం. మేనరికాల్లో ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే వీలు ఎక్కువ. ఆస్తి బయటికి పోకూడదని మేనమామకు కట్టబెట్టినప్పుడు ఆ పిల్లనెవరూ అడగలేదు. ఇప్పుడు మారుమనువు బెదిరింపు మాత్రం ఆమెకే!

అందుకే ఈ సంగతిని భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి తెలుగులో చెప్పడం వైద్యంలో భాగం కావాలి. అది డాక్టర్ల పని కాదనేవాళ్ళున్నారు. మరెవరి పని? తండ్రి రాకపోతే మళ్ళీ పిలిపించాలి. (ఉమ్మనీటి పరీక్ష ఆడపిల్లల్ని ఏరివేయడానికి ఎలా వాడబడిందో, 1994లో చట్టం ఎందుకు అవసరమైందో మనకు తెలుసు. పరీక్ష ఒక్కటే స్త్రీని కాపాడదు.)

చికిత్స సంగతికొస్తే, ఆర్.పి.ఇ.65 అనే ఒక్క జన్యువు లోపానికి 2017లో అమెరికా జన్యుచికిత్సను అనుమతించింది. రెండు కళ్ళకూ కలిపి 8,50,000 డాలర్లు! మన పిల్లలకు ముందుగా దొరకాల్సింది వైకల్య ధ్రువపత్రం, మిగిలిన చూపును వాడుకునే శిక్షణ, బడి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6నుంచి 18 ఏళ్ళవరకూ ఉచిత విద్య హక్కునిచ్చింది. ఆ కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే పనైనా తండ్రులకు అప్పజెబుదాం.